చెవి మేస్త్రి

పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని నడుస్తున్న ఇంజను డొక్కకి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపట్టి మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. తుక్కుదొడ్డిలో అప్పటిదాకా తలో మాటా విసురుతున్నవాళ్ళు నోళ్ళు కట్టేసుకున్నారు. రేకులు కోసేవాడు మిషను ఆపాడు. దొడ్డి యజమాని, ఏ వస్తువునైనా తూస్తేగాని ముట్టుకోడు గనక అందరూ కాటా అని పిలిచే మనిషి, నోట్లో ఉన్నది నమలడం కూడా ఆపి నిలబడ్డాడు. మేస్త్రి పక్కన అతని పెళ్ళాం అన్న, డ్రైవరు, చేతులు కట్టుకుని తీర్పు కోసం చూస్తున్నాడు.

అందరూ అంత భక్తిగా ఊరుకున్నారన్న సంగతి మేస్త్రికి తెలియలేదు. అతనికి ఏడాదిగా లోకమంతా ఊరుకునే ఉంది. ఎడమ చెవి పూర్తిగా మూతబడింది. కుడి చెవికి ఎవరో నూతిలోంచి పిలిచినట్టు మాటల తోకలు మాత్రం అందుతాయి. ముప్పై అయిదేళ్ళు సైలెన్సర్లు లేని ఇంజన్ల పక్కన తల పెట్టి సంపాదించుకున్న ఆస్తి అది. ఈ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే, అతని పెళ్ళాం. మిగతా అందరికీ అతనింకా చెవి మేస్త్రే. బండి సందు మలుపు తిరుగుతుండగానే, కూర్చున్న చోటు నుంచి లేవకుండా, దాని జబ్బేమిటో చెప్పే మనిషి. ఆ పేరు పోతే షెడ్డు ఉండదు. షెడ్డు లేకపోతే తనేమిటో అతనికే తెలియదు.

ఎముకలోంచి అదురు వస్తోంది. నాలుగు సిలిండర్లూ సమంగానే తంతున్నట్టున్నాయి. ఆ అదురు కింద ఇంకేదన్నా ఉందా? పూర్వం అయితే ఇంజను లోపల ఏ మూల ఏ బోల్టు దగ్గుతోందో విడివిడిగా చెప్పేవాడు. ఇప్పుడు అంతా కలిపి ఒకే ముద్ద. తను ఎంతసేపు వినాలని జనం కోరుకుంటారో లెక్కేసుకుని, అంతసేపూ కళ్ళు మూసుకుని, తెరిచాడు.

"బంగారం," అన్నాడు.

డ్రైవరు ఇంజను కేసి ఒకసారి, మేస్త్రి మొహం కేసి ఒకసారి చూశాడు.

"బాగుందంటావా, బావా?"

ఆ మాటని మేస్త్రి పెదవుల మీద పట్టుకున్నాడు. "నీ చెల్లెలికంటే నెమ్మదిగా మాట్లాడుతోంది. ఇంతకంటే ఏం కావాలి బావా నీకు?"

దొడ్డంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు, అందరూ నవ్వడం అయ్యాక.

"మేస్త్రి బంగారం అన్నదాన్ని ఇనుము కింద ఇచ్చేస్తున్నాను, చూడండి నా బతుకు," అన్నాడు కాటా. "నా చెవిలో పువ్వు పెట్టి పట్టుకుపోతున్నారు." ఆ తర్వాత అటు తిరిగి, తాళ్ళు తెమ్మని పనివాడికి చెబుతూ, మధ్యలో ఒక మాట అన్నాడు. "నేను తూచి అమ్మేవాణ్ణి గాని విని అమ్మేవాణ్ణి కాదు. వినే పని మీదే. తర్వాత నా గుమ్మం తొక్కొద్దు."

అటు తిరిగి అన్న మాట గనక మేస్త్రికి అందలేదు. తల ఊపాడు. ఏడాదిలో అతను కొత్తగా నేర్చుకున్న పని అదొక్కటే. తల ఊపితే చాలు, చాలా మటుకు మాటలు వాటి దారిన అవి వెళ్ళిపోతాయి.

ఆ ఇంజను ఒక చిన్న సరుకుల ట్రక్కుది. కొత్త రకం. వెనకనుంచి గుద్దించుకుని బండి తుక్కుకి వచ్చింది, ముందు భాగానికి గీత పడలేదు. దాన్ని పెట్టవలసింది మాత్రం డ్రైవరు కారులో. అరవయ్యేళ్ళ నాటి కారు. గున్న ఏనుగంత ఒళ్ళు, పళ్ళాలంత దీపాలు. ముప్పై ఏళ్ళు ఒక డాక్టరమ్మ దగ్గర ఆ కారునే తోలాడు డ్రైవరు. ఆవిడ పోతూ పోతూ కాగితం మీద రాసి కారు అతనికిచ్చింది. దాన్ని అతను పెద్దావిడ అంటాడు. పెళ్ళిళ్ళకీ ఫొటోలకీ పెద్దావిడని బాడుగకి తిప్పి ఇల్లు నడుపుకున్నాడు. ఎనిమిది నెలల కింద దాని పాత ఇంజను బ్లాకు పగిలింది. దాని సామాను ఏ కొట్టులోనూ దొరకదు. కొత్త ఇంజను కొనే తాహతు లేదు. ఉన్నదంతా ఊడ్చి ఈ ఒక్కదానికి పెట్టాడు. ఇది కుదరకపోతే మరోసారి అనేది లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు గనక దారిలో ఎవరూ ఎత్తలేదు.

*

మొదటి రోజంతా కొలతలతోనే సరిపోయింది. పెద్దావిడ పాత ఇంజను పొడుగ్గా సన్నగా ఉండేది, కొత్తది పొట్టిగా లావుగా ఎత్తుగా ఉంది. చెయిన్ కప్పీకి వేలాడదీసి దింపారు. కింద నూనె నిలిచే తొట్టి, సంపు, వెళ్ళి కారు అడ్డదూలం మీద కూర్చుంది. పైకెత్తితే బానెట్టు మూతపడదు. వెనక్కి జరిపితే డ్రైవరు కాళ్ళు పెట్టుకునే చోటి రేకుకి తగులుతోంది.

"పెద్దావిడ ఒప్పుకోవడం లేదు బావా," అన్నాడు డ్రైవరు.

"ముసలితనంలో కొత్త గుండె అంటే ఎవరొప్పుకుంటారు? నువ్వు దాని చెయ్యి పట్టుకో, నేను కోస్తాను."

దూలం కోస్తే కారు నడుం విరిగినట్టే. అందుకని సంపునే కొయ్యాలన్నాడు మేస్త్రి. ముందు వైపు లోతు తగ్గించి, ఆ తగ్గిన నూనె పట్టేందుకు వెనక వైపు పెట్టెలాగా పెంచాలి. అట్ట మీద గీసి, కత్తిరించి, ఇంజను కింద పెట్టి చూసి, మళ్ళీ కత్తిరించాడు. ఈ పని చేస్తున్నంతసేపూ అతనికి చెవుల సంగతి గుర్తు రాలేదు. వేళ్ళకి అన్నీ వినబడుతున్నాయి. రేకు ఎక్కడ లోకువో, ఎక్కడ మొండికేస్తుందో బొటనవేలికి తెలిసిపోతోంది.

రెండో రోజు పొద్దున్న సంపు విప్పారు. సందు మొదట్లో ఉండే వెల్డరు దాన్ని పట్టుకుపోయాడు. ఇంజను కప్పీకి వేలాడుతూ, అడుగు తెరుచుకుని, నల్లటి నూనె కారుస్తూ ఉంది. కింద డ్రైవరు అట్ట పరుచుకుని వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నాడు. లోపల పిస్టన్ల కడ్డీలు నాలుగూ వరసగా క్రాంకు ఇరుసుని పట్టుకుని ఉన్నాయి.

"బావా." మేస్త్రి వినలేదు. డ్రైవరు కాలితో తట్టాడు. "బావా, ఎలాగూ తెరిచాం కదా. ఈ కడ్డీల మూతలు కూడా విప్పి బేరింగులు ఒకసారి చూస్తే?"

మేస్త్రి వంగి అతని నోటినే చూస్తున్నాడు. "ఎందుకు?"

"ఊరికేనే. తుక్కు బండి కదా."

ఊరికే చూడడం వేరే బళ్ళకైతే అతను అడక్కుండానే చేసేవాడు. కాని ఇప్పుడు బావ అడిగేసరికి, కప్పుకున్న దుప్పటిని ఎవరో లాగబోయినట్టయింది. విప్పడమంటే తన చెవి చాలలేదని ఒప్పుకోవడం. చెవి మేస్త్రి విన్న ఇంజనుని ఎవడూ విప్పి చూడలేదు ఇన్నేళ్ళలో.

"కొత్త ఇంజన్ల బోల్టులు సాగే రకం. ఒకసారి విప్పితే మళ్ళీ బిగించకూడదు, కొత్తవి కొనాలి. కొంటావా?"

అది నిజమే. నిజం గనకనే ఆ మాట చాలా తేలిగ్గా వచ్చింది. డ్రైవరు కొనలేడని తెలిసే అన్నాడు.

"నువ్వు విన్నావుగా," అన్నాడు డ్రైవరు.

"విన్నాను."

అయినా మేస్త్రి చెయ్యి పైకి వెళ్ళింది. రెండో కడ్డీని పట్టుకుని పైకీ కిందకీ లాగి చూస్తే చాలు, ఎంతోకొంత తెలిసిపోతుంది. వేళ్ళు కడ్డీ దాకా వెళ్ళి, ఆగి, పక్కనున్న నూనెని తుడిచి వెనక్కి వచ్చేశాయి.

మధ్యాహ్నం పెళ్ళాం గిన్నె తెచ్చింది. అన్నకి పెట్టి, వెల్డరు దగ్గరికి వెళ్ళొస్తానని అతను బయటికి నడిచాక, మొగుడికి ఎదురుగా, మొహానికి మొహం పెట్టి కూర్చుంది. ఏడాదిగా ఆవిడ అలాగే కూర్చుంటోంది.

"చెప్పావా?"

"ఏం చెప్పాలి?"

"తిండి నమిలినట్టు మాట నమలకు. మా అన్న చేతిలో ఇంకేం మిగల్లేదయ్యా. ఆ ఇంజను వినే తెచ్చావా, వినకుండానే విన్నానన్నావా?"

"అదురు చూశాను."

"అదురు చూశావా!" ఆవిడ గిన్నె మూత ఠపీమని పెట్టింది. అతనికి మూత కదలడం మాత్రం కనిపించింది. "ఇవాళ నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను."

"చెప్పు. చెప్పి, షెడ్డు తాళం నీ కొంగున కట్టుకో. రేపట్నుంచి ఇంట్లో కూర్చుని కూరగాయలు తరుగుతాను. కత్తిపీట చప్పుడు ఎలాగూ వినబడదు, వేలు తెగితే నువ్వే చెబుదువుగాని."

వాకిట్లో అన్న నీడ పడగానే ఆవిడ లేచి, కొంగు దులుపుకుని, గిన్నెలు సర్దుకుంది. అన్నకి మాత్రం ఏ సంగతీ చెప్పలేదు.

ఆ మూడు రోజులూ మేస్త్రి చేసిన పని చూసినవాళ్ళు ఆ సందులో ఇంకా ఉన్నారు. లావు రేకు కోసి, నాలుగు దిమ్మలు చేసి, కింద ట్రక్కు రబ్బర్లు పెట్టి ఇంజనుని వెంట్రుక వాసి తేడా లేకుండా కూర్చోబెట్టాడు. కాళ్ళ దగ్గరి రేకుని సుత్తితో కొట్టి కొట్టి గిన్నెలా లోతు చేశాడు. గేరుబాక్సు కూడా ట్రక్కుదే గనక గేరు కర్ర డ్రైవరు సీటు కింద పొడుచుకొచ్చింది. దాన్ని వేడిచేసి వంచి, హంస మెడలా ముందుకు తెచ్చాడు. వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్టు జానెడు కోసి అతికించి, రెండు ఇటుకల మీద దొర్లించి తూకం చూశాడు. పాత ఇంజనుకి ఉన్న ఆధారాలన్నీ గ్యాసుతో కోసి పారేశారు. అవి కోసేస్తున్నప్పుడు డ్రైవరు బయటికి వెళ్ళి నిలబడ్డాడు. ఇక పెద్దావిడలో పాత ఇంజను ఎప్పటికీ పట్టదు.

*

నాలుగో రోజు వైరింగు అమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటారు గాని ముప్పై దాటి ఉంటాయి. ఒక భుజాన లాప్‌టాప్ సంచీ, రెండో భుజాన బడి నుంచి తెచ్చిన కూతురి సంచీ. ఇంజనుని నడిపే కంప్యూటరు బాక్సు నుంచి వచ్చే తీగల కట్టని విప్పి, కారు పొడుగునా నేల మీద పరిచి, ఒక్కొక్క తీగకీ కాగితం ముక్క అంటించింది. ఈ ఇంజనుకి యాక్సిలరేటరు తాడు ఉండదనీ, పెడలు కూడా తీగ మీదే మాట్లాడుతుందనీ చెబితే డ్రైవరు ముక్కున వేలేసుకున్నాడు.

"కాలు కూడా ఫోను చెయ్యాలా అమ్మా ఇంజనుకి?"

"అంతే బాబాయ్. అది ఎత్తితేనే మీ బండి కదిలేది."

మేస్త్రి నవ్వినట్టు మొహం పెట్టాడు. ఏం నవ్వుకున్నారో తెలియదు.

మధ్యాహ్నానికి అన్నీ కలిశాయి. నీళ్ళు పోశారు, నూనె పోశారు. పెళ్ళాం గిన్నె పట్టుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడింది. సందులోంచి వెల్డరూ టైర్ల కొట్టాయనా వచ్చి చేరారు. డ్రైవరు సీటులో కూర్చుని తాళం తిప్పాడు. మొదటిసారి రాలేదు. రెండోసారి బానెట్టు కింద ఒక కుదుపు. మూడోసారి ఇంజను అందుకుంది.

మేస్త్రి రెండు అరచేతులూ ఇంజను పైమూత మీద పెట్టాడు. వెచ్చగా, ఒకే తీరుగా, పెంపుడు జంతువు వీపులా అదురుతోంది. తన చేతులు కోసిన సంపు కారడం లేదు. తన దిమ్మలు కదలడం లేదు. నోరంతా తెరిచి నవ్వాడు. నవ్వుతూనే తలెత్తాడు.

ఎవరూ నవ్వడం లేదు.

వెల్డరు టైర్ల కొట్టాయన కేసి చూశాడు. టైర్ల కొట్టాయన చెప్పుల కేసి చూసుకున్నాడు. గుమ్మంలో పెళ్ళాం గిన్నెని రెండు చేతులా పొట్టకి అదుముకుంది. ముప్పై ఏళ్ళు మెకానిక్కుతో కాపరం చేసిన మనిషి, ఇంజను చప్పుడులో తేడా ఆవిడకీ తెలుస్తుంది. వైరింగు అమ్మాయి లాప్‌టాప్ తెర కేసి చూసి, ఇంజను కేసి చూసి, మళ్ళీ తెర కేసి చూసింది.

"బాక్సులో తప్పేమీ చూపించడం లేదు మేస్త్రీ గారూ," అంది, ఇంజను రొదలో అర్థమయ్యేలా పెదవులు స్పష్టంగా కదిలిస్తూ. "అన్నీ సరిగ్గానే ఉన్నాయంటోంది."

బాక్సుకి వేడి తెలుసు, గాలి తెలుసు, డీజిలు తెలుసు. కడ్డీ అడుగున బేరింగు అరిగి ఇనుము ఇనుముని తడుతుంటే ఆ సంగతి దానికి తెలియదు. ఈ కొత్త ఇంజను మొత్తం మీద విప్పకుండా చెవితో తప్ప పట్టుకోలేనిది ఆ ఒక్క చప్పుడే.

మేస్త్రి నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియక అలాగే ఉంచుకున్నాడు. కారులోంచి డ్రైవరు అతని మొహం కేసి చూస్తున్నాడు. తర్వాత యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, తల బయటికి పెట్టి అన్నాడు:

"బాగుంది బావా. ఒక చుట్టు తిప్పుకొస్తాను. ఎక్కు."

ఎక్కాడు. పెద్దావిడ ఎనిమిది నెలల తర్వాత తన కాళ్ళ మీద తను సందులోంచి బయటికి వచ్చింది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. మామూలుగా ఆ కారుని చూసినవాళ్ళ మొహాలు విచ్చుకునేవి. ఇవాళ వాళ్ళు మొహాలు చిట్లించి, చక్రాల కేసి, కింద కేసి చూస్తున్నారు. ఒక పిల్ల చెవులు మూసుకుంది. డ్రైవరు ఎటూ చూడకుండా, పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టు నెమ్మదిగా, గతుకులు తప్పిస్తూ తోలాడు. వంతెన ఎక్కేచోట గేరు మార్చి కాలు నొక్కాడు. మేస్త్రి అరికాళ్ళ కింద ఏదో ఒక్కసారి గట్టిగా తన్నింది. ఆ తర్వాత అదురు ఆగిపోయింది. ఏదీ లేదు.

వెనక్కి దొర్లిస్తూ తెచ్చారు. దారిలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా వచ్చి చెయ్యి వేశారు. ఇంత అందమైన కారు ఇలా అయిందేమిటని అందరూ జాలిపడ్డారు.

*

మర్నాడు పొద్దున్న ఇద్దరూ కారు కింద పక్కపక్కనే అట్టల మీద పడుకుని సంపు విప్పారు. నూనెతో పాటు రాగి రంగు పొడి మెరుస్తూ జారింది. రెండో కడ్డీ విరిగి ఇంజను గోడలోంచి బయటికి తొంగి చూస్తోంది. మేస్త్రి బేరింగు ముక్క ఒకటి వేళ్ళతో పట్టి తీసి, బొటనవేలితో రాశాడు. అంచు కత్తిలా పలచబడి ఉంది. ఇది వంతెన మీద అరిగిన అరుగుదల కాదు. నెలల తరబడి అరిగినది.

"నిన్నటిది కాదు బావా ఇది," అన్నాడు.

డ్రైవరు తల ఇటు తిప్పాడు. రెండు మొహాల మధ్య జానెడు దూరం కూడా లేదు. ప్రతి మాటా కనిపిస్తుంది.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"తుక్కుదొడ్డిలోనే వినబడింది నాకు. లోపలెవరో వేలి ముడితో తలుపు కొడుతున్నట్టు టక్కు, టక్కు. నువ్వు బంగారం అన్నావు." అతను పైనున్న విరిగిన కడ్డీని చూస్తున్నాడు. "స్టీరింగు తిప్పుకునేవాడికి వినబడేదేమిటి, మా బావకి వినబడనిదేమిటి అనుకున్నాను. నా చెవికే ఏదో పట్టిందనుకున్నాను. సంపు విప్పినప్పుడు అడిగాను, కసిరావు. అంతటితో నా చెవిని నమ్మడం మానేశాను. నిన్న నువ్వు నవ్వుతుంటే గాని నాకు అర్థం కాలేదు."

మేస్త్రి బేరింగు ముక్కని గుప్పిట్లో బిగించాడు. పలచటి అంచు అరచేతిలో దిగింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు డ్రైవరు.

"ఏడాది అయింది."

"చెల్లెలికి?"

"తెలుసు."

డ్రైవరు మొహంలో అప్పటిదాకా లేనిది ఏదో వచ్చింది. ఇంజను పోయినప్పుడు కూడా రానిది. "అదీ చెప్పలేదన్నమాట," అని, మోచేతులమీద పాక్కుంటూ కారు కింద నుంచి బయటికి వెళ్ళిపోయాడు.

మేస్త్రికి కారు అవతల కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. డ్రైవరు కాళ్ళు, వాటి చుట్టూ మెల్లిగా చేరిన చెప్పులూ బూట్లూ. ఒక జత చెప్పులు కోపంగా నేలని తన్నాయి. అతను బయటికి వచ్చేసరికి వెల్డరు ఎదురొచ్చి అతని భుజం పట్టుకున్నాడు.

"ఎంత పని చేశాడు మేస్త్రీ ఆ కాటాగాడు! నువ్వు విన్న ఇంజను ఒకటి, బండికెక్కించింది ఒకటీనా? మీ బావ చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అనుకున్నాను, చెవి మేస్త్రి విన్నది తప్పుతుందా అని!"

మేస్త్రి బావ కేసి చూశాడు. బావ పెద్దావిడ దీపాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. తుడవడానికి అక్కడ ఏమీ లేదు.

కాటాని పిలవడానికి ఎవరో అప్పటికే వెళ్ళారు. అతను వచ్చేసరికి సందు నిండింది. టైర్ల కొట్టాయన, వెల్డరు, ఎప్పుడూ షెడ్డు గడప తొక్కని బ్యాటరీల మనిషి కూడా. ఒక చిన్న వ్యానువాడు బండి చప్పుడు మేస్త్రికి వినిపిద్దామని తెచ్చి, వాకిట్లో ఆపి చూస్తున్నాడు. అందరూ ఒకేసారి అరుస్తున్నారు. కాటా చేతులు తిప్పుతున్నాడు. ఇంజను నంబరు చూపిస్తున్నాడు. నంబరు చెరిపి వేరేది కొట్టుకోలేవా అంటున్నాడు వెల్డరు. ఇక నీ దొడ్డిలో మేకు కూడా కొనం అంటున్నాడు టైర్ల కొట్టాయన. ఆ సందువాళ్ళు కొనకపోతే కాటా దొడ్డికి తలుపు వేసుకోవలసిందే. మేస్త్రి ఆ నోళ్ళన్నిటినీ ఒక్కొక్కటిగా చూస్తూ, అందినన్ని మాటలు ఏరుకుంటున్నాడు.

చివరికి కాటా వాళ్ళందరినీ వదిలి మేస్త్రి ముందుకి వచ్చి నిలబడ్డాడు. అలవాటు చొప్పున నములుతున్నాడు. తల వంచుకుని, చిన్నగా, ఒక మాట అన్నాడు. పెదవులు కదిలాయి గాని మాటకి ఆకారం లేదు.

సందంతా మేస్త్రి వైపు తిరిగింది. దీపం తుడుస్తున్న చెయ్యి ఆగింది. బావ కళ్ళెత్తి చూశాడు. ఆ కళ్ళలో ఉన్నది స్పష్టంగా ఉంది: ఊపు. ఒక్కసారి తల ఊపు, అయిపోతుంది. నీ షెడ్డు నీకుంటుంది, నా చెల్లెలికి కూడుంటుంది, నాకెలాగూ ఏమీ లేదు.

"వినబడలేదు," అన్నాడు మేస్త్రి.

కాటా మళ్ళీ ఏదో అన్నాడు. ఈసారీ అంతే.

"గట్టిగా చెప్పు," అన్నాడు మేస్త్రి. తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో అతనికి తెలియలేదు. వ్యానువాడు ఉలిక్కిపడ్డాడు. "నాకు వినబడదు."

వెల్డరు నవ్వబోయాడు, మేస్త్రి ఏదో వేళాకోళం ఆడుతున్నాడనుకుని. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. కాటా నోట్లోది ఉమ్మేసి, దగ్గరికి వచ్చి, మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు.

"ఆ రోజు నువ్వు విన్నావా లేదా అని అడుగుతున్నాను!"

"లేదు. స్క్రూడ్రైవరు పెట్టాను, అంతే. నాకు చెవులు లేవు. ఇంజను అదే. నువ్వు మార్చలేదు."

ఆ తర్వాత ఎవరేమన్నారో మేస్త్రి చూడలేదు. తల వంచుకుని అరచేతిలో తెగిన చోటు చూసుకున్నాడు. తలెత్తేసరికి సందు సగం ఖాళీ అయింది. వెల్డరు తన కొట్టు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి ఒకసారి చూసి, లోపలికి పోయాడు. వ్యానువాడు బండిని వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోతున్నాడు. కాటా ఒక్కడే వెళ్ళలేదు. కారు చుట్టూ తిరిగాడు, వంగి ఇంజనుకి పడిన కన్నం చూశాడు. మళ్ళీ వచ్చి మేస్త్రి కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"విప్పి పంపించు. ఇనుము కింద తీసుకుంటాను. తూచే తీసుకుంటాను, ఊరికే డబ్బివ్వను."

అంతకంటే ఎక్కువ అతను ఇవ్వలేడు. ఇవ్వవలసిన పనీ లేదు.

మధ్యాహ్నం పెళ్ళాం గిన్నె తెచ్చింది. అప్పటికే ఆవిడకి తెలిసిపోయింది. అన్న ముందు గిన్నె పెడితే అతను ముట్టుకోలేదు, ఆవిడ కేసి చూడలేదు. "అన్నయ్యా," అంది. అతను లేచి వెళ్ళి బానెట్టు ఎత్తాడు. ఆవిడ కాసేపు కూర్చుని, మూత తీయని గిన్నెని మళ్ళీ సంచీలో పెట్టుకుని, చెప్పులు ఎడమది కుడికాలికి వేసుకుని, మార్చుకుని వెళ్ళిపోయింది.

మేస్త్రి కప్పీ గొలుసు దించి ఇంజను చెవులకి కొక్కేలు తగిలించాడు. మూడు రోజులు కూర్చోబెట్టినదాన్ని తియ్యడానికి ఒక పూట చాలు. నీళ్ళు వదిలేశాడు. తీగల కట్ట మీద అమ్మాయి అంటించిన కాగితం ముక్కలు చిరక్కుండా ఒక పక్కకి మడిచిపెట్టాడు, అవి ఇక ఎందుకూ పనికిరాకపోయినా. అవతలివైపు డ్రైవరు లోపలికి వంగి, దిమ్మ బోల్టు మీద వేలు పెట్టి చూసుకుంటున్నాడు. పానా కోసం నోరు తెరిచి ఏదో అనబోయి, ఆగాడు. మొహం ఎత్తలేదు. ఇంజను మీదుగా మసి చేతులు రెండూ పైకి పెట్టి ముందు పది వేళ్ళు చూపించాడు, తర్వాత ఏడు.

మేస్త్రి పదిహేడో నంబరు పానా వెతికి, అతని చేతికి అందించాడు.